అత్తయ్య చేతి సూపు

సాయంత్రం ఆరు దాటింది. మూడో అంతస్తులో ఇరుకు వంటిల్లు. కుడిచేతికి పిండికట్టుతో ఆమె స్టూలు మీద కూర్చుంది. ఆయన పొయ్యి దగ్గర నిలబడ్డాడు. పక్కగది తలుపు వేసి ఉంది. లోపల వాళ్ళమ్మాయి.

"అది తొక్క తియ్యడమా, దుంపని చెక్కడమా? సగం దుంప తొక్కతోనే పోతోంది."

"నాకీ పీలరు అలవాటు లేదు. కత్తి ఇవ్వు."

"కత్తి ఇస్తే వేలు కోసుకుంటారు. ఇంట్లో కట్టు కట్టించుకున్నవాళ్ళం ఒకళ్ళం చాలు. ఎన్నయ్యాయి?"

"ఐదు."

"ఇంకొకటి తియ్యండి. చిక్కగా ఉండాలి. అందులో చెంచా నిలబడాలి, అత్తయ్య చేసినట్టు."

"సరే."

"మెల్లిగా! ఏమిటా గిన్నెల చప్పుడు? పిల్ల ఇప్పుడే కళ్ళు మూసుకుంది."

"నిద్రపోవట్లేదే. మంచం కిర్రుమంటూనే ఉంది."

"మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. పొద్దున ఇచ్చిన పాలు గ్లాసులోనే మీగడ కట్టాయి. ఎనిమిది రోజులండీ! కడుపులో బిడ్డ పోయి ఎనిమిది రోజులు. ఒక్క మాట లేదు. పోనీ, ఏడ్చినా బాగుండును."

"తింటుందిలే. ఇవాళ తింటుంది."

"తినాలి. నేను తినలేదూ? మన మొదటివాడు పురిట్లోనే పోయినప్పుడు నేనూ ఇలాగే గోడవైపు తిరిగి పడుకున్నాను. నాలుగో రోజు అత్తయ్య ఈ సూపు చేసి పెడితేనే కదా లేచి కూర్చున్నది. నాకూ ఏడో నెలే, దానికీ ఏడో నెలే. ఏం రాతలో!"

"ఉల్లిపాయలు ఎన్ని తరగను?"

"అదిగో. ఆ మాటెత్తితే చాలు, మీకు ఉల్లిపాయలు గుర్తొస్తాయి."

"చెయ్యమన్నది నువ్వే కదా."

"రెండు. సన్నగా... మెట్ల మీద ఉన్నాడా?"

"ఎవరు?"

"ఎవరేమిటి, మీ అల్లుడు. రోజూ డ్యూటీ దిగి ఐదున్నరకల్లా వచ్చి మెట్ల మలుపులో కూర్చుంటాడుగా, అప్పులవాడిలా."

"నేను చూళ్ళేదు."

"చూడకండి. పలకరించకండి. మీరు మెత్తబడితే నెత్తికెక్కుతాడు. పదకొండుసార్లు ఫోన్ చేసింది పిల్ల. పదకొండు! ఒక్కసారి ఎత్తలేదు."

"లిఫ్టు గుంతలో ఉన్నాడే. రిపేరుకి దిగేటప్పుడు ఫోను పైన బ్యాగులో పెట్టి దిగాలి. వాళ్ళకది రూలు."

"రూలు! పెళ్ళానికి ఒంట్లో బాగాలేదని తెలిసీ దిగడం ఎందుకూ? ఊళ్ళో ఇంకో మెకానిక్కే లేడా? నేనొక్కదాన్నే దాన్ని పొదివి పట్టుకుని ఆస్పత్రి ర్యాంపు ఎక్కించాను. జారి పడి చెయ్యి విరిగినా దాన్ని వదల్లేదు. ఆయనగారు చీకటి పడ్డాక ఊడిపడ్డాడు, చేతులకి గ్రీజుతో."

"రాగానే అక్కడే కూలబడిపోయాడు కదే."

"మీరు వెనకేసుకు రారూ మరి! ఒకే తానులో ముక్కలు."

"వెన్న ఎంత?"

"రెండు చెంచాలు. మీరూ అంతేగా. నా పురిటప్పుడు క్వశ్చన్ పేపర్లు అచ్చువెయ్యాలని మిమ్మల్ని ప్రెస్సులో పెట్టి తాళం వేశారు. మూడు రోజులు మనిషి బయటికి రాకూడదు, కబురు లోపలికి పోకూడదు. అదీ రూలే. కానీ ఎవరుంటారు అని ఫోర్‌మన్ అడిగితే, అందరికంటే ముందు చెయ్యెత్తింది ఎవరు?"

"నేనే."

"నేను చూళ్ళేదు గానీ, ఎత్తిన ఆ చెయ్యి ముప్ఫై రెండేళ్ళుగా నా కళ్ళకి కడుతూనే ఉంది."

"ఉల్లిపాయలు వేసేశాను."

"మంట తగ్గించండి. ఎర్రగా వేగాలి, నల్లబడకూడదు. వెల్లుల్లి రెండు రెబ్బలు చాలు... ఎన్నిసార్లు చేసుంటాను ఈ సూపు! అమ్మాయి పరీక్ష పోయినప్పుడు, మీ ప్రెస్సు మూసేసినప్పుడు, అత్తయ్య పోయాక మీరు అన్నం మానేసినప్పుడు. ఒక్కసారీ ఆ రుచి రాలేదు. ఆవిడ సూపులో ఒక వాసనుండేది. ఏమిటో చెప్పలేను. అడిగితే, 'ఏముందే, నాలుగు దుంపలూ, కాసిని పాలూ' అని నవ్వేసేది. చేతి మహిమ, అంతే."

"ఊఁ."

"ఊఁ ఏమిటి, కలపండి. ఏమండీ, అడుగంటుతోంది! ముక్కు లేదా మీకు? ఆ గరిటె..."

"అంటనీ."

"అంటనీ ఏమిటండీ? మాడిపోతుంటే!"

"కొంచెమే. ఇదిగో, నీళ్ళు పోసి అడుగు గోకేస్తాను. దుంపలు వేసి మూత పెడతాను. ఉడికాక సగం దుంపల్ని గరిటె వెనకతో గిన్నెకేసి మెదపాలి. సగం ముక్కలుగానే ఉంచాలి. పాలు ఆఖర్న, దించే ముందు. మిరియప్పొడి దించాక."

"అవన్నీ నేనింకా చెప్పందే?"

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాగా."

"ఎక్కడ చూశారు? వంటింట్లోకి మీరొచ్చేది మంచినీళ్ళకి. అయినా నేను సగం ఉంచను, అన్నీ మెదిపేస్తాను. సగం ముక్కలుగా ఉంచేది అత్తయ్య."

దుంపలు ఉడికాక ఆయన సగం మెదిపి, పాలు పోసి, గిన్నె దించాడు.

"ఇదిగో, రుచి చూడు."

"ఊదండి, కాలుతోంది. మాడు కంపు కొట్టకపోతే నా పేరు మార్చి పిలవండి."

"ఎలా ఉంది?"

"ఇంకో చెంచా ఇవ్వండి."

"ఉప్పు చాలలేదా?"

"ఇవ్వండి, చెప్తాను... ఇది అత్తయ్య సూపు."

"ఊఁ."

"అదే వాసన. ఏం చేశారు మీరు?"

"ఏం చేశాను? నీ ఎదురుగానే కదా. అడుగంటనిచ్చాను."

"అంటనివ్వాలని మీకెలా తెలుసు? పొయ్యికేసి చూడకండి. నాకేసి చూసి చెప్పండి."

"అమ్మకి అప్పుడు మోకాళ్ళు వాచి ఉన్నాయి కదా."

"తెలుసు. ఆ మోకాళ్ళతో నా కోసం నిలబడి చేసిందనే కదా, ఆవిణ్ణి దేవత అనుకున్నది."

"నిలబడలేకపోయింది. ఇప్పుడు నువ్వు కూర్చున్నట్టే స్టూలు మీద కూర్చుని చెప్పింది. చేసింది నేను. నాకేం వచ్చు వంట? ఉల్లిపాయలు మాడ్చేశాను. మళ్ళీ తరుగుదామంటే ఇంట్లో ఇంకో ఉల్లిపాయ లేదు. 'పాలు పొయ్యరా, సర్దుకుంటుంది' అంది అమ్మ."

"నాకు చెప్పలేదేం?"

"గదిలోకి రావద్దన్నావు. ముఖం చూపించొద్దన్నావు. నా చేతిదని తెలిస్తే ముట్టుకోవేమోనని, తనే చేశానని చెప్పమని అమ్మని బతిమాలాను. గిన్నె ఖాళీ చేసి పంపావు. మర్నాడు కూడా కావాలన్నావట. ఆ రోజు కావాలనే మాడ్చాను."

"అయ్యో... ఆ సూపు తాగి నేను అత్తయ్యతో ఏమన్నానో తెలుసా? 'మీ మనసులో పావలా వంతు మీ అబ్బాయికుంటే నా బతుకు ఇలా ఉండేది కాదు' అన్నాను."

"తెలుసు."

"ఆవిడ చెప్పిందా?"

"లేదు. తలుపు పక్కనే నిలబడున్నాను, ఖాళీ గిన్నె కోసం."

"ముప్ఫై రెండేళ్ళు నోరు కుట్టేసుకున్నారా?"

"చెబుదామనే అనుకునేవాణ్ణి. నువ్వు అమ్మని తలుచుకున్నప్పుడల్లా ముందు సూపునే తలుచుకునేదానివి. ఆవిడ పేరు కొట్టేసి నా పేరు ఎలా వేసుకోను? ప్రెస్సువాణ్ణి. ఒకసారి అచ్చయ్యాక దిద్దకూడదే."

"మీ జోకులు తగలెయ్య. కాస్త నా కళ్ళు తుడవండి, ఈ చెయ్యి లేవదు. తుడిచారా? ఇప్పుడెళ్ళి తలుపు తియ్యండి."

"అమ్మాయి గదా?"

"కాదు. వీధి తలుపు. అల్లుణ్ణి పిలవండి. ఈ గిన్నె వాడి చేత్తోనే పంపిద్దాం. తాగుతుందో, మొహాన కొడుతుందో, వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. కదలరేం?"

"లేడు."

"లేడా? ఇందాక ఉన్నాడన్నారుగా!"

"ఉన్నాడనలేదు, చూళ్ళేదన్నాను. అదీ అబద్ధమే. చెత్త పారేసే వంకతో మూడుసార్లు చూసొచ్చాను. మెట్లు ఖాళీ."

"డ్యూటీలో ఆలస్యమైందేమో."

"ఇక రాడే. నిన్న నువ్వు తలుపు సందులోంచి అన్నావు కదా, 'నీ ముఖం చూస్తే చచ్చిపోతానంటోంది మా పిల్ల, ఇంక రాకు' అని. మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. 'నేను కనబడకపోవడమే తనకి మంచిదైతే కనబడను మామయ్యా' అన్నాడు. వేరే ఊరికి బదిలీ కావాలని రాసిచ్చాడట."

"బదిలీయా?"

"నువ్వూ ఒక మాట నిజం చెప్పు. పిల్ల అలా అందా?"

"అది నోరు విప్పిందెక్కడండీ? నేనే అన్నాను. దాని పేరు పెట్టి నేనే అన్నాను. అప్పుడు నాకెలా ఉండేదో, దానికీ అలాగే ఉంటుందనుకున్నాను."

"ఉష్. గడియ తీస్తోంది."

"తల్లీ, లేచావా? మెల్లిగా, గోడ పట్టుకో. ఏమండీ, ఆ కుర్చీ ఇలా జరపండి. సూపు చేశారమ్మా, నాన్న చేశారు. నాన్నే చేశారు. రెండు చెంచాలు తాగుతావా?"

"అమ్మా, రోజూ సాయంత్రం మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వింటూ పడుకునేదాన్ని. ఇవాళ రాలేదేం?"