ఎల్లస్వామి ఇచ్చిన మాట

(వరంగల్ కొత్తవాడ. ముందు గదిలో తండ్రి జంఖానా నేస్తున్నాడు. వెనక గదిలో పండరి, అతని భార్య వాసంతి. వెబ్‌సైట్లు కట్టుకునేవాళ్ల కోసం పండరి తొమ్మిదేళ్ల కింద ‘పడుగు’ అని ఒక ఫ్రేమ్‌వర్క్ రాసి ఊరికే పంచిపెట్టాడు. అప్పటినుంచి దాన్ని దించుకోలేక మోస్తున్నాడు.)

“ఇడిసిపెడ్తాన అని రాసినవా, లేదా?”

“రాసిన.”

“ఒప్పుకున్నరా?”

“మంచిగనే ఒప్పుకున్నరు.”

“మరి మొఖమెందుకు గట్ల పెట్టినవ్? నేను బ్యాగు సదురుకున్న. ఇయ్యాల నువ్వు ఆ ల్యాప్‌టాప్ మూస్తెనే ఉంట. లేకుంటె పొద్దుగూకే బండికి పిల్లను తీస్కొని స్టేషన్ ఘన్‌పూర్ పోత, మా అమ్మ దగ్గరికి.”

“మూస్త వాసంతీ, జర ఆగు. నా జాగల ఎవలుండాలె అని పడుగు వాడేటోళ్లంత ఓట్లేసుకున్నరు.”

“ఎవలు గెలిసిండ్రు?”

“ఎల్లస్వామి.”

“ఏ ఎల్లస్వామి? మామనా? మామకు సెల్లు ఎత్తుడే సక్కగ రాదు.”

“పేరు బాపుదే. మనిషి... మనిషి నేనే.”

“సమజయ్యేటట్టు చెప్పు.”

“మొదట్ల ఒక్కన్నే ఉంటి. ఒక్కడు చేసేదాన్ని ఎవలు నమ్ముతరు? రేపు వీడు జరమొచ్చి పండుకుంటె ఎట్ల అంటరు. పెద్ద జంఖానా నెయ్యాలంటె ఇద్దరు పక్కపక్కన కూసుంటరు గద. గట్లనే బాపు పేరు మీద ఇంకో ఖాతా తెరిసి నా పక్కన కూసోపెట్టిన. ఉత్తగ, పేరుకు.”

“పేరుకా?”

“తర్వాత మాట్లాడుడు మొదలువెట్టిండు. అడిగిందే అడిగితె నాకు కోపమొస్తది, తిడుత. ఎనక నుంచి ఎల్లస్వామి వచ్చి, ఫికర్ చెయ్యకుండ్రి, ఇట్ల చేసి సూడుండ్రి అని నిమ్మలంగ చెప్తడు. కొత్తవాడల జంఖానాలు నేస్త అని సుత చెప్పుకున్నడు. అందరికి ఆయనంటెనే పానం. కాజీపేట భారతి, రైల్వేల చేస్తది, ఆమైతె తాతా అనే పిలుస్తది.”

“తొమ్మిదేండ్లు నిమ్మలంగ మాట్లాడినవా?”

“ఆ.”

“నాతోటి ఎన్నడన్న గట్ల మాట్లాడినవా?”

“వాసంతీ...”

“దునియకంత ఎల్లస్వామిని ఇచ్చి, నాకు పండరిని ఉంచినవ్. సరే. ఆయనకు చాతకాదట అని రాయి.”

“రాసిన. ఆయన సుత పోతె మేం సుత పోతం అన్నరు.”

“నిజం చెప్పు.”

“దొంగ అంటరు. తొమ్మిదేండ్ల పని మీద ఉమ్మేస్తరు.”

“మరేం చేసినవ్?”

“మూస్త అన్న గద.”

“ఏం చేసినవయ్యా?”

“పోయిండని రాసిన. నిన్న పొద్దుగాల.”

“ఎటు పోయిండని?”

“పోయిండని, వాసంతీ. కాలం చేసిండని.”

“థూ. ముందటర్రల మనిషి మగ్గం మీద కూసోని ఉండంగ...”

“ఇంకేం దారి దొర్కలె. ఏడ్సుకుంట రాస్తాండ్రు అందరు. రెండు దినాలైతె మర్సిపోతరు. గప్పుడు మూసేస్త. ఒట్టు.”

“ఆగు. మగ్గం సప్పుడు ఆగి శానసేపాయె.”

“చాయ్ తాగుతాండేమో.”

“కాదు, ఎవలో వచ్చిండ్రు. మామా, ఎవలు?”

“కాజీపేట నుంచి భారతి అట, బిడ్డా. పూలదండ పట్టుకొని కొత్తవాడంత అడుక్కుంట వచ్చింది. జంఖానాలు నేసే ఎల్లస్వామి గారి ఇల్లు ఇదేనా అన్నది. నేనే ఎల్లస్వామిని అన్న. పాపం, నా చెయ్యి పట్టుకొని ఒకటే ఏడుసుడు. సెల్లుల ఇంకెవలెవలికో నన్ను సూపిచ్చింది, అందరు సప్పట్లు కొట్టిండ్రు. మమ్ములను ఇడిసిపెట్టి పోకు తాతా అన్నరు. నేను యాడికి పోత, పానమున్నన్ని రోజులు మీతోనే ఉంట అని మాటిచ్చిన. మాట తప్పుడు మనింట్ల లేదు గద, పండరీ?”