భీమశంకర్ గారి ప్రూఫ్

అమెరికాలోని చాండ్లర్ ఊరు, 2009. భీమశంకర్ గారి గరాజ్ ముందు ఆయన పాత శిష్యుడు ఉమాకాంత్ కారు దిగాడో లేదో, సార్ భార్య లలిత ఎదురొచ్చి ఆపేసింది.

"ఆగు ఉమాకాంత్. లోపలికి తర్వాత వెళ్దువుగాని. మీ సార్ రాసి పంపిన లెక్కల ప్రూఫ్ చదివావా?"

"చదివాను మేడమ్."

"ఊఁ?"

"బాగుంది. సార్ పడుకున్నారా?"

"మెలకువగానే ఉన్నారు. నీ కోసమే చూస్తున్నారు. బాగుండడం కాదు, కరెక్టా?"

"కరెక్టే మేడమ్."

"కరెక్టయితే చదివిన రోజే ఫోన్ చేసి అరిచేవాడివి. ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. నా మొహం చూసి చెప్పు."

"ఎండగా ఉంది మేడమ్, లోపలికి..."

"ఈ ఊరి ఎండ నాకు కొత్తా? తప్పుందా, లేదా?"

"...ఉంది."

"అయ్యో. ఎక్కడ?"

"ఆటోమేటా అనే ఊహా యంత్రాల లెక్కల్లో మెషీన్‌కి స్టేట్స్, అంటే స్థితులు, ఉంటాయి కదా. రెండు స్టేట్స్ దేనికైనా ఒకేలా జవాబిస్తున్నాయని సార్ వాటిని ఒకటిగా కలిపేశారు. బాగా పొడుగు ఇన్‌పుట్ ఇస్తే అవి వేరని తేలింది."

"సరిచేయి మరి! నీకు రానిదేముంది?"

"కుదరదు మేడమ్. మిగతాదంతా దాని మీదే నిలబడింది."

"ఓరి దేవుడా... టెలిఫోన్ రిలేలతో స్విచింగ్ సర్క్యూట్లు కట్టే రోజుల్నుంచీ ఆయనకి ఇదే లోకం. దీని కోసం చిప్ కంపెనీ ఉద్యోగం కూడా వద్దన్నారు. పోనీలే అని నేనే డబుల్ షిఫ్టులు చేశాను. ఇప్పుడేమో ఆఖరి రోజుల్లో చూసుకునే హాస్పిస్ నర్స్, ఆయనకి ఇంకో వారమే అంటోంది. నీ కాళ్ళు పట్టుకుంటాను నాయనా, కరెక్టేనని చెప్పు ఆయనతో."

"అంత మాటనకండి మేడమ్."

"చెప్తావా మరి?"

"చెప్పినా లాభం లేదు."

"ఎందుకు లేదు? పోయే ప్రాణం ముందు కూడా మీకు సైన్సేనా?"

"అది కాదు. నిన్న సార్ ఫోన్ చేశారు. తప్పు ఆయనే పట్టుకున్నారు."

"ఆయనకి... తెలుసా?"

"తెలుసు. ఫోన్‌లోనే ఏడ్చేశారు. 'లలిత అడిగితే మాత్రం కరెక్టేనని చెప్పరా, దీని కోసం తన బతుకంతా ధారపోసింది, ఇప్పుడు తప్పని తెలిస్తే తట్టుకోలేదు' అన్నారు. అందుకే మీతో ఇందాక అలా..."

"నా కోసం ఆయన కూడా నిన్ను అదే అడిగారా..."

"మేడమ్? కూర్చోండి. నీళ్ళు తెస్తాను."

"వద్దు. లోపలికి పద. కరెక్టేనని గట్టిగా చెప్పు, ఇద్దరం వింటాం."