గ్లోరి గురక

తిరువూరు బస్టాండులో విజయవాడ బస్సు కోసం అత్తాకోడళ్ళు కూర్చున్నారు. పదేళ్ళ గ్లోరి పొద్దున్నే తల్లి భుజం మీద వాలి నిద్రపోయింది.

“గురకకి కూడా పరీక్షేంటే? మొన్న ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను, మా మనవరాలికి దేవుడు మంచి ఆకలి, మంచి నిద్ర ఇచ్చాడని.”

“ఆ ఆకలికే కదా మీరు పూటకో గిన్నెడు నెయ్యన్నం పెడుతున్నారు. అప్పుడే షుగరు బోర్డర్లో ఉందన్నారు డాక్టరుగారు.”

“పిల్ల బొద్దుగా ఉంటే ఓర్వలేరు! ఆస్పత్రికి తీసుకెళ్తే సంఘంలో నా సాక్ష్యం ఏం కావాలి?”

కోడలికి వాదించే ఓపిక అయిపోయింది. సెల్లు తీసి, నిన్న రాత్రి రికార్డు చేసిన గ్లోరి గురక వినిపించింది.

“అచ్చం మీ మామయ్యగారే! ఎంత నిండుగా ఉందో.” అంతలో గురక ఆగింది. “చూశావా, ఇప్పుడు హాయిగా పడుకుంది.”

“లేదత్తయ్యా. అక్కడ ఊపిరి ఆగింది.”

అత్తగారు సెల్లు చెవికి ఆనించుకుంది. ఏమీ వినిపించలేదు.

“ఇంకా తీసుకోదేంటే?”

“తీసుకుంటుంది. ఇరవై సెకన్లు పడుతుంది.”

సెల్లులో పిల్ల ఒక్కసారిగా ఊపిరి ఎగపీల్చింది. అత్తగారు గ్లోరి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, గబుక్కున లేచి బస్టాండు ఎంక్వయిరీ కిటికీ దగ్గరకు నడిచింది.

“ఏమయ్యా, మీకు బాధ్యతుందా? పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే బస్సు ఇంకా రాదేంటి!”