పైనుంచి చెప్పించిన మందు

హలో… ఆ, నేనే అన్నయ్యా. ఎక్కడుంటాను, ఐసీయూ బయటే. ఈ ప్లాస్టిక్ కుర్చీకి నా ఆకారం వచ్చేసింది.

…పిల్లా? ఉంది. నోట్లో గొట్టం, మెడ నరంలో పైపు. పేగు ఆపరేషన్ అయ్యాక ఎలా ఉందో అలాగే… కాదు, అలాగే లేదు. నెత్తురు పరీక్ష వచ్చింది. నువ్వు ముందు కూర్చో.

బూజు.

…బూజేనన్నయ్యా, గోడకి పట్టేలాంటిది. ఫంగస్ అంటున్నారు. నా కూతురి నెత్తురులో పెరుగుతోందట. ఎవరు తుమ్మినా న్యుమోనియా అనుకునే మనిషిని కదా, ఇన్ని భయాలు పడ్డాను, ఈ ఒక్కటీ నాకు తట్టలేదు చూడు!

…శుభ్రం లేకనా? అబ్బే, నేల అద్దంలా ఉంది. డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. గొట్టం పెట్టిన కొత్తలో, ఊపిరితిత్తులకి ఏదీ సోకకుండా ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారట. అది మంచిదేనట. కొన్నాళ్లకి ఆపెయ్యాలట. పాపం ఆపబోయింది కూడా.

…ఎందుకు ఆపలేదా? నన్నడుగుతావేం! పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది నువ్వేగా! "నా మేనకోడలు, అన్నిటికన్నా పెద్ద మందు వెయ్యి, లోటు రానివ్వకు" అని. ఆయన ఆవిణ్ని పిలిచి ఆపొద్దన్నాడు. ఇంకేముంది, ఏ జబ్బూ సోకని పిల్లకి రాజభోగంగా ఎక్కించారు.

…పెద్ద మందే, ఎవరు కాదన్నారు? చెడ్డ పురుగులతో పాటు మంచివాటినీ ఊడ్చేసిందట. ఖాళీ జాగా చూసుకుని బూజు కాపురం పెట్టింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు… మనం కొండనాలుక బాగున్నప్పుడే వేయించాం.

…లేదులే, దానివల్లే అని ఆవిడ అన్లేదు. మెడలో పైపు, పేగు కోత, అన్నీ కారణాలేనట. "ఇదీ ఒకటి కావచ్చు" అంది. ఇంతకన్నా మర్యాదగా ఎవరు తిడతారు?

…ఇప్పుడా? ఫంగస్‌కి మందు మొదలెట్టారు. మెడలో పైపు మార్చాలి, ఈ యాంటీబయాటిక్ ఆపాలి. పైపుకి నన్నడిగారు, సరేనన్నాను. ఆపడానికి మాత్రం తల్లి మాట చాలదట. "వాళ్ల అన్నయ్యగారు ఏమనుకుంటారో" అని పెద్ద డాక్టరు రెండు మందులూ నడవనివ్వమన్నాడట.

…రెండూ ఉంటే ఇంకా మంచిదా! ఓ పక్క నీళ్లు పోసి మంట ఆర్పుతూ ఇంకో పక్క కిరసనాయిలు పోద్దాం, సరేనా?

…ఏంటి, బాగుండదా? అప్పుడు వెయ్యమని ఇప్పుడు తియ్యమంటే నీ మాట పలచనవుతుందా? అయ్యో పాపం! నీ మాటకి జ్వరం వచ్చేట్టుంది, దానిక్కూడా ముందుజాగ్రత్తగా ఓ సీసా ఎక్కించమననా?

…అరవట్లేదు. గార్డు చూస్తున్నాడని గుసగుసగానే అరుస్తున్నాను.

…అవును, నేనే ఏడ్చాను నీ దగ్గర. ఏదో ఒకటి చెయ్యమన్నాను, చేశావు. ఇప్పుడూ ఏడుస్తున్నానన్నయ్యా. ఇప్పుడూ చెయ్యి.

…సాయంత్రం కలిసి, నిదానంగా, కాఫీ తాగుతూ చెప్తావా? భేష్. అప్పటిదాకా పెరగొద్దని బూజుకి కూడా నువ్వే ఫోన్ చేసి చెప్పు. నీ మాట కాదనదు.

…పిల్లకి ఒళ్లు కాలిపోతోందన్నయ్యా. ఇందాక లోపలికి పంపినప్పుడు చెయ్యి పట్టుకుంటే తెలిసింది. నన్ను చూడట్లేదు.

ఉండు. ఉండుండు… పెద్దాయన వస్తున్నాడు. తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్నాడు.

…వద్దు, పెట్టెయ్యకు! పెట్టావంటే నా మీద ఒట్టే!

డాక్టరుగారూ… నమస్కారమండీ. ఆ, పిల్ల తల్లినండీ. మా అన్నయ్య లైన్లో ఉన్నాడు. ఆ పెద్ద మందు ఆపెయ్యమని మీతో తనే చెప్తాడట… లేదండీ, ఏమీ అనుకోడు. మీరే వినండి.

అన్నయ్యా, ఆయనకి ఇస్తున్నాను.

మాట్లాడు.