నల్ల గేరా, తెల్ల గేరా?

సైకిల్ షాపు ముందు టీ బల్ల మీద కూర్చున్నాడంటే రిటైరైన పోస్ట్‌మాన్ నోటికి తాళం ఉండదు. ఆ రోజు మరీను. తన పాత రేసు సైకిల్‌ని కోడలికి ఇస్తున్నాడు. సోమవారం నుంచి ఆమెకు కొండమీది ఆసుపత్రిలో నర్సు పని. చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి నెట్టే గేర్లు బల్ల మీద రెండున్నాయి, నల్లదొకటి, తెల్లదొకటి. రెండూ ఆయన వాడినవే. ఏది బిగించాలో ఆయనే చెప్పాలి.

"తెల్లదే బిగించు బావా," అన్నాడు మెకానిక్‌తో. "నల్లదీ మంచిదే, కాదనను, కాస్త నిదానం. మీట లాగాక నాలుగు తొక్కులు తొక్కితే గానీ చైను కదలదు. నాలుగేమిటి, ఇంటి దగ్గర మీట లాగి బయల్దేరితే సరిగ్గా కొండ మొదట్లో పడేది! తెల్లదో? వేలు ఆనిస్తే చాలు. వేలు కూడా ఎందుకూ, ఎత్తొస్తోందని అనుకోగానే అదే మారేది. ఒకరోజు ఏమైందో తెలుసా?"

"వద్దంటే ఊరుకుంటావా?" అన్నాడు మెకానిక్.

"వాన, ఎదురుగాలి, సంచి నిండా ఉత్తరాలు. తుమ్మొచ్చింది. అంతే! టకటకా ఐదు పళ్లచక్రాలూ మారిపోయి సైకిల్ కొండ మీదుంది, నా నీడ ఇంకా ఈ బల్ల దగ్గరే ఉంది!"

"వానలో నీడెక్కడిది పెద్దాయనా?" అన్నాడు టీ కొట్టతను.

"మధ్యలో ఎండ కాసిందిలే. పైన ఒకావిడ ఉత్తరం అందుకుని, 'మా తమ్ముడు రేపు కదా రాస్తానన్నాడు!' అని నోరు వెళ్లబెట్టింది."

అందరూ నవ్వారు. వెనక చక్రం ఒళ్లో పెట్టుకుని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్న కోడలు మాత్రం నవ్వలేదు.

"మామయ్యా, ఈ చిన్న చక్రం పళ్లు అరిగి సూదుల్లా ఉన్నాయి. మిగతా నాలుగూ కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి. వీటి మీద చైను ఎప్పుడైనా పడిందా?"

ఆయన నాలిక మీద పది జవాబులున్నాయి. కానీ సోమవారం కొండ ఎక్కాల్సింది ఆ పిల్ల.

"లేదమ్మా. మొదటివారమే నల్లదానితో గేరు మార్చబోతే చైను ఊడి, నేను పడి, ఉత్తరాలన్నీ బురదపాలు. తెల్లది వేయించుకున్నా మీట ముట్టుకునే ధైర్యం లేకపోయింది. ఏది మంచిదో నాకు తెలియదు."

"అంటే ఇరవై ఆరేళ్ల ఉద్యోగమంతా కొండని చిన్న చక్రంతోనే ఎక్కావా? తొక్కడానికి అన్నిటికన్నా బరువైనదాంతో?" అన్నాడు మెకానిక్. "ఆ మాట ఒక్కనాడూ చెప్పలేదేం?"

"సిగ్గేసింది బావా."

మెకానిక్ వెనక చక్రం తిరిగి తగిలించి, సైకిల్‌ని స్టాండెక్కించి ముందు తెల్లది, తర్వాత నల్లది బిగించాడు. కోడలు పెడల్ తిప్పింది. మామగారు మీట లాగి లెక్కపెట్టాడు. తెల్లదానికి మూడు తిప్పులు పట్టింది.

"నల్లదే ఉంచు బావా," అన్నాడు చివరికి. "ఒక్క తిప్పుకే పడింది. అయినా అమ్మా, ఎత్తు మొదలవకముందే మార్చుకో."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కోడలు తలూపింది.