ఎర్ర చుక్క

షెడ్డులో బానెట్ ఎత్తిన కారు ముందు మెకానిక్కూ, అతని బావమరిదీ నిలబడి ఉన్నారు.

“మళ్లీ ఏసీ పోయిందా? పోయిన వారమే కొత్త కంప్రెసర్ వేశాను కదరా!”

“నిజంగా వేశావా బావా?”

“నా చేతులతో బిగించాను.”

“మూడుసార్లు వస్తే మూడుసార్లూ గ్యాస్ నింపి పంపావు. నాలుగోసారి కంప్రెసరే మార్చానన్నావు. నిన్న ఎండలో అమ్మ ఈ కారులోనే సొమ్మసిల్లింది.”

“అయ్యో! కొత్తది కూడా పాడైందేమో.”

“కాకమ్మ కబుర్లు చెప్పకు. వంగి చూడు, దాని కింద ఎర్ర చుక్క ఉందా?”

“ఉంది. ఏమిటది?”

“గోళ్లరంగు. పాతదానికి పెట్టిన గుర్తు.”

“అంటే సొంత బావనే అనుమానించావా?”

“నేను కళ్లు మూసుకుని నమ్మాను బావా. బండి నీ దగ్గరికి తెచ్చేముందు ఆ చుక్క పెట్టింది మా అక్క.”