వెనక వరుసకు వినపడాలి

రేపటి కార్మికుల ఊరేగింపులో తన తమ్ముడూ ఉంటాడన్న బెంగతో, కానిస్టేబుల్ భార్య భర్త యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

“చట్టం మారిందన్నారుగా, మీ లాఠీలకు ఆ కబురు అందిందా?”

“మా మేడమ్ నిబంధనలు కొత్తగా రాశారు. నిన్న కసరత్తులో మమ్మల్నే గుంపుగా నిలబెట్టి నినాదాలు చేయించి, ఆవిడే వెళ్ళి గుంపు వెనక నిలబడ్డారు. వెళ్ళిపొమ్మని మైకులో చేసిన హెచ్చరిక ఒక్క ముక్క కూడా వినపడలేదట. రాసింది చించేసి మళ్ళీ రాశారు.”

“అంత పెద్ద అధికారి అయ్యుండీనా? అబ్బ, మనిషంటే ఆవిడ!”

“ఇకమీదట గుంపు వెనక నిలబడ్డ పోలీసు వినపడిందని చెయ్యెత్తాలి. జనం వెళ్ళిపోవడానికి దారి, వ్యవధి ఇవ్వాలి. అందాకా లాఠీ లేవకూడదు.”

“ఆ వెనక నిలబడేదెవరు?”

“నేనే. వట్టి చేతులతో.”

ఇస్త్రీపెట్టె ఆగింది.

“అయితే తమ్ముడికి ఫోన్ చేస్తాను. రేపంతా బావని కనిపెట్టుకుని ఉండమంటాను. వాడికి చట్టం తెలియకపోయినా అక్కంటే భయం ఉంది.”